ఎస్పోసితో వాళ్ల ఊరికి

మొదటి రోజు, బొలోన్యా

మా అమ్మాయి చదువుకోవడానికి బొలోన్యా వచ్చి ఏడాదిన్నర అయింది. ఈ ఏప్రిల్‌లో నాకు సెలవులు కలిసొచ్చి దాని దగ్గరికి వచ్చాను. తను ఉండే బిల్డింగ్ వీధి తలుపు పక్కన ఒక ఇత్తడి పలక, దాని మీద రెండు వరసల బెల్లులు ఉన్నాయి. ఒక్కో బెల్లు పక్కన ఫ్లాట్ నంబరు కాదు, ఇంటిపేరు ఉంది. అది తాళాలు వెతుక్కుంటున్నంతసేపూ నేను ఆ పేర్లు కూడబలుక్కుంటూ నిలబడ్డాను. ఒకచోట ఫెర్రారి అని ఉంటే, కారు పేరు కదా అన్నాను.

"కమ్మరి వాళ్లని అర్థం అమ్మా. తెలంగాణలో కమ్మరి, వడ్ల అని ఇంటిపేర్లు లేవూ, అలాగే. ఇదిగో, రోస్సి అంటే ఎర్రజుట్టు వాళ్లు. దేశంలో అందరికంటే ఎక్కువమంది వీళ్లే."

అన్నిటికంటే పైన ఉన్న పేరు మా అమ్మాయి ఓనరుగారిది: దెల్యి ఎస్పోస్తి. దాని అర్థం మాత్రం అది చెప్పలేదు. "ఆవిణ్ణే అడుగు," అంది.

సాయంత్రం ఆవిడే కాఫీకి పిలిచింది. డెబ్బై దాటిన మనిషి. నేను తీసుకెళ్లిన పూతరేకులు ఒక్కొక్క పొరా విప్పి చూసి, చాలా ఇష్టంగా తింది. పేరు సంగతి అడిగితే గొంతు తగ్గించకుండా చెప్పింది. ఎస్పోస్తి అంటే బయట పెట్టిన పిల్లలు. తన ముందుతరాల్లో ఎవరో ఒకరిని పుట్టగానే ఆస్పత్రి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయారు. ఎవరి బిడ్డో తెలియదు కాబట్టి, బిడ్డ ఎలా దొరికిందో అదే ఇంటిపేరుగా రాశారు.

నాకు మా తాత గుర్తొచ్చాడు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. తాత పేరు తవిటయ్య. ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. ఈయన పుట్టగానే మా ముత్తవ్వ మంత్రసాని ఒళ్లో పెట్టి "వీడు నీ బిడ్డే" అని ఇచ్చేసి, చేటెడు తవుడు కొలిచి మళ్లీ కొనుక్కుంది. మావైపు తవుడు, తవిటయ్య, తవిటమ్మ అన్న పేర్లు ఇలా వచ్చినవే. ఇంకొన్ని చోట్ల పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అని పెట్టేవాళ్లు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు చూసీ చూడనట్టు పోతుందని వాళ్ల ఆశ.

మా అమ్మాయి ఇదంతా ఇటాలియన్‌లో చెప్పింది. ఓనరుగారు కాసేపు ఆలోచించి, "మీ ముత్తవ్వ బిడ్డని వదిలినట్టు నటించింది. మా ముత్తవ్వ నిజంగానే వదిలింది. ఇద్దరూ బిడ్డ బతకాలనే చేశారు," అంది.

చీకటి పడకముందే మమ్మల్ని దాజెల్యో వీధికి తీసుకెళ్లింది. పాత అనాథ శిశువుల ఆస్పత్రి వసారా ఇంకా ఉంది. ఊళ్లోవాళ్లు ఆ వసారాని 'బాస్తర్దీని' అంటారు, తండ్రి ఎవరో తెలియని పిల్లల్ని తిట్టే మాట అది. దానికి సరిపోయే తెలుగు మాట నాకు తెలుసు, రాయడానికి మనసు రావడం లేదు. నేపుల్స్ వెళ్లండి, అసలు కథ అక్కడుంది అని ఓనరుగారు చెప్పింది. మేం వెనిస్ వెళ్దామని వేసుకున్న ప్లాన్ ఆ రాత్రే మారిపోయింది.

రెండో రోజు, ఫ్లోరెన్స్

బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో నలభై నిమిషాలు, దాదాపు అంతా సొరంగమే. స్టేషన్ నుంచి నడిచి సంతీస్సిమా అన్నున్‌జియాతా అనే చౌకుకి వెళ్లాం. ఒక పక్కంతా సన్నటి రాతి స్తంభాల వసారా ఉంది. స్తంభాల పైన నీలం రంగు గుండ్రటి పలకల్లో, గుడ్డలు చుట్టిన పసిపిల్లలు చేతులు చాపి నిలబడ్డారు. ఇదే 'ఇన్నోచెంతి', అంటే పాపం ఎరగనివాళ్ల ఆస్పత్రి. పట్టు వర్తకుల సంఘం డబ్బు పెట్టగా 1419లో బ్రునెల్లెస్కి అనే వాస్తుశిల్పి కట్టడం మొదలుపెట్టాడు. మొదటి బిడ్డ 1445 ఫిబ్రవరి 5న వచ్చింది. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ, అందుకని పాపకి అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. ఆ పిల్ల పేరు ఆరు వందల ఏళ్లు కావస్తున్నా అందరికీ తెలుసు, కన్నవాళ్ల పేర్లే తెలియవు.

లోపల మ్యూజియం ఉంది. అందులో ఒక గదికే నేను ఇంతదూరం వచ్చానేమో అనిపించింది. ఆ గది నిండా చిన్న చిన్న సొరుగులు, మన ఆయుర్వేదం కొట్టులో మూలికల సొరుగుల్లాగా. ఒక్కొక్కదాని మీద ఒక బిడ్డ పేరు రాసి ఉంది. లాగితే లోపల అద్దం కింద, బిడ్డతో పాటు తల్లి పెట్టిన గుర్తు కనిపిస్తుంది. నేను లాగిన మొదటి సొరుగులో సగానికి కోసిన పతకం ఉంది. నాణెం కంటే పెద్దది కాదు. కోసిన అంచు గరుగ్గా ఉంది, కత్తెరతో రెండు మూడు సార్లు ప్రయత్నించినట్టు. మేరీమాత బొమ్మ భుజం దగ్గర తెగిపోయింది, ముఖం రెండో ముక్కతో పోయింది. ఆ రెండో ముక్క తల్లి దాచుకునేది. రోజులు బాగుపడి ఎప్పుడైనా తిరిగొస్తే రెండు ముక్కలూ కలిపి చూపించి, ఈ బిడ్డ నాది అని తీసుకెళ్లాలి. తర్వాతి సొరుగుల్లో రిబ్బను ముక్క, ఒక గుండీ, జపమాల పూసలు ఉన్నాయి. పది సొరుగుల తర్వాత ఇక లాగలేకపోయాను. మా అమ్మాయి అన్నీ చూసింది.

ఇక్కడ పెరిగినవాళ్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లే ఇన్నోచెంతి, నోచెంతిని లాంటివి. ఇప్పటికీ టస్కనీ అంతా ఉన్నాయి. మిలాన్ ఆస్పత్రి గుర్తు పావురం కాబట్టి అక్కడి పిల్లలు కొలంబో అయ్యారు. ఆ పేరున్న ప్రతివాళ్లూ ఆస్పత్రి పిల్లల సంతతే అనుకోకూడదు, పావురాలు పెంచేవాళ్లకీ ఆ పేరు వచ్చి ఉండొచ్చు. మోడెనాలో ఒకలాగా, పలెర్మోలో ఇంకొకలాగా ఏ ఊరి పద్ధతి ఆ ఊరిదే. సిసిలీలో 'దొరికినవాడు' అనే అర్థంలో త్రోవాతో అనే ఇంటిపేరుంది. దేవుడిచ్చినవాడు అనే అర్థంలో దియోదాతో అనేది ఇంకొకటి. వినగానే మన దేవదత్తుడు గుర్తొచ్చాడు.

వసారా చివర గోడలో పిల్లల్ని పెట్టే కిటికీ ఉంది. దాన్ని 1875 జూన్ ఆఖరున మూసేశారు. ఆ చివరి రాత్రి వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఉల్తిమో లషాతి, ఇంకొకరికి లౌదాతా కియుజురి అని పేర్లు రాశారు. మొదటిదానికి అర్థం వదిలేసినవాళ్లలో ఆఖరివాడు. రెండోదానికి, మూసేశారు సంతోషం అని. ఆ రాతగాడికి ఆ రోజు గొప్ప రోజు అయివుండొచ్చు. కానీ ఆ పేరు మోస్తూ బడికి వెళ్లాల్సింది, పెళ్లి చూపులకి వెళ్లాల్సింది ఆ పిల్లలు. నాకు కోపం వచ్చింది, ఇది రాస్తుంటే ఇప్పటికీ వస్తోంది.

మూడో రోజు, రోమ్

రోమ్‌లో అందరూ చూసేవి మేం చూడలేదు. వానలో తడుస్తూ బోర్గో సాంతో స్పిరితో వీధికి వెళ్లాం, సెయింట్ పీటర్స్‌కి కూతవేటు దూరం. పాత ఆస్పత్రి గోడలో ఇనప చట్రం వెనక పిల్లల చక్రం, అంటే వీధిలోంచి బిడ్డని పెట్టి లోపలికి తిప్పే పీపా, ఇప్పటికీ ఉంది. టైబర్ నదిలో జాలర్ల వలలకి చేపలతో పాటు పసికందుల శవాలు పడుతున్నాయని విని, పోప్ మూడో ఇన్నోసెంట్ ఈ ఏర్పాటు చేయించాడని చెబుతారు. ఆస్పత్రి హాలు గోడల మీద ఆ కథంతా బొమ్మలుగా వేసి ఉందట. మేం వెళ్లిన వేళకి లోపలికి వెళ్లడం కుదరలేదు.

రోమ్‌లో పిల్లలకి వచ్చిన పేరు ప్రొయెత్తి. విసిరేసినవాళ్లు అని అర్థం. ఇటలీ వాళ్లందరూ ప్రాణంగా చూసుకున్న నటుడు, 2020లో పోయిన జీజీ ప్రొయెత్తి ఇంటిపేరు అదే. అన్ని పేర్లలోకీ నాకిది బాధగా అనిపించింది. బయట పెట్టడంలో, ఎవరైనా తీసుకెళ్తారన్న ఆశ కాస్తయినా ఉంది. విసరడంలో అదీ లేదు.

ఇప్పుడు చక్రాలు లేవు గానీ ఇటలీలో కొన్ని ఆస్పత్రుల గోడల్లో వేడి తగ్గని ఊయలలు ఉన్నాయి, బిడ్డని పెడితే లోపల అలారం మోగుతుంది. పేరు చెప్పకుండా ఆస్పత్రిలో కనే హక్కు కూడా తల్లికి ఉంది. తమిళనాడులో 1992లో ఊయల పథకం పెట్టింది కూడా ఇందుకే కదా అని ట్రైన్‌లో మాట్లాడుకున్నాం.

నాలుగో రోజు, నేపుల్స్

స్టేషన్‌లో దిగి పావుగంట నడిస్తే ఫొర్చెల్లా పేట. బాల్కనీ నుంచి బాల్కనీకి తాళ్లు, తాళ్ల మీద బట్టలు. పైనుంచి ఒకావిడ తాడు కట్టిన బుట్ట దించుతోంది, కింద కొట్టు అబ్బాయి అందులో కూరగాయలు వేస్తున్నాడు. హారన్లు, కేకలు. మూడు రోజుల తర్వాత మన ఊళ్లోకి వచ్చినట్టనిపించింది.

మేం దిగిన బిల్డింగ్ బెల్లుల పలక మీద పద్నాలుగు పేర్లుంటే మూడు ఎస్పోసితోలు. బొలోన్యా ఓనరుగారి ఎస్పోస్తి లాంటి మాటే ఇది, బయట పెట్టినవాడు అని. కలిసిపోకుండా ఒక్కొక్కరి ముందూ సొంత పేరు మొదటి అక్షరం రాసుకున్నారు. ఇక్కడ ఎవరైనా పోతే గోడల మీద పెద్ద కాగితాలు అంటిస్తారు. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో పోయినవాళ్ల పేరు పెద్ద అక్షరాల్లో. వీధి మలుపులో ఒకే గోడ మీద అయిదు కాగితాలు కనిపించాయి. వాటిలో రెండు ఎస్పోసితోవి. నేపుల్స్‌లో ఇంతకంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు లేదు. కంపానియా రాష్ట్రం మొత్తం మీదా ఇదే మొదటిది. దేశం మొత్తంలో మొదటి అయిదింట్లో ఉంటుంది. ఇక్కడి నుంచి ఓడలెక్కిన లక్షల మందితో పాటు అమెరికాకి, అర్జెంటీనాకి వెళ్లింది. అమెరికన్ సీరియళ్లు చూసేవాళ్లకి జాన్‌కార్లో ఎస్పోసితో తెలిసే ఉంటాడు. ఆయన తండ్రిది నేపుల్సే. ఇప్పుడు ఇటలీ జట్టుకి ఫుట్‌బాల్ ఆడుతున్న పియో ఎస్పోసితో ఈ అఖాతం ఒడ్డునే ఉన్న కాస్తెల్లమ్మారె కుర్రాడు.

ఎలా పలకాలో కూడా ఇక్కడే నేర్చుకున్నాను. ఉత్తరాది వాళ్లు 'సి'ని 'జి'కి దగ్గరగా అంటారు. ఇక్కడ శుభ్రంగా 'సి', 'పో' మీద ఊనిక. కాఫీ కొట్టాయన నాతో మూడు సార్లు అనిపించాడు. ఆయనదీ అదే ఇంటిపేరు.

"అర్థం తెలుసు కదా, బాధ ఉండదా?" అని మా అమ్మాయి చేత అడిగించాను. ఆయన కప్పులు తుడవడం ఆపి, గోడకున్న మేరీమాత పటం చూపించాడు. "మేం ఆవిడ పిల్లలం," అన్నాడు. ఈ పేటలో పాత మాట అదేనట, మదొన్నా పిల్లలు, అంటే మేరీమాత పిల్లలు. కన్నతల్లి చక్రంలో పెట్టింది, చక్రం తిరిగి లోపల మదొన్నా ఒళ్లో పడింది. కాబట్టి తల్లి లేని బిడ్డ అంటూ ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నమే ఆ చక్రం ఉన్న చోటికి, అన్నున్‌జియాతాకి పరుగెత్తాం గానీ, వెళ్లేసరికి తలుపులు మూసేశారు. తప్పు మాదే, టైము చూసుకోలేదు.

అయిదో రోజు, అన్నున్‌జియాతా

పొద్దున్నే వెళ్లాం. 14వ శతాబ్దంలో మొదలైన ధర్మసంస్థ ఇది. చర్చి, ఆస్పత్రి, పిల్లల నివాసం అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. పాత చర్చి 1757లో కాలిపోతే వాన్‌వితెల్లి అనే వాస్తుశిల్పి మళ్లీ కట్టాడు. చర్చి బాగుంది, కానీ నేను దాన్ని సరిగ్గా చూడలేదు, నా ధ్యాసంతా పక్క గది మీదే.

చిన్న గది. గోడలోకి అమర్చిన చెక్క పీపా, నిలువుగా ఉంటుంది, ఒక పక్క తెరిచి ఉంటుంది. బయట వీధిలోంచి బిడ్డని అందులో పెట్టి తిప్పితే, తెరిచిన పక్క లోపలికి వస్తుంది. బయట ఉన్నది ఎవరో లోపలివాళ్లకి కనపడదు, లోపలున్నది ఎవరో బయటివాళ్లకి కనపడదు. రాత్రీ పగలూ దీని దగ్గర ఒకామె కాపలా ఉండేది, ఆమెని 'రొతారా' అనేవాళ్లు. చక్రం అమ్మ అనుకోవచ్చు. పెట్టే కన్నం ఎంత చిన్నదంటే, నా రెండు చేతులూ కలిపి లోపలికి పెడితే ఇంకొంచెమే ఖాళీ మిగులుతుంది. పుట్టిన పిల్లలే పట్టాలని అలా పెట్టారట. ఆకలి రోజుల్లో కాస్త పెద్ద పిల్లలకి కూడా ఒంటికి నూనె రాసి దూర్చేవాళ్లని ఈ పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పీపా లోపలి చెక్కని ముట్టుకోవచ్చా అని అడిగాను. అక్కడ చూపించే ఆవిడ తలూపింది. అంచు దగ్గర చెక్క అరిగి, మా ఇంట్లో పాత ఉయ్యాల బల్లలాగా నున్నగా ఉంది. నేను చెయ్యి వెంటనే తీసేశాను.

పక్కనే పిల్లలకి మొదటి స్నానం చేయించిన రాతి తొట్టి. తర్వాత పెద్ద పుస్తకంలో రాత. ఏ రోజు, ఏ గంటకి వచ్చింది, ఆడా మగా, ఎన్నాళ్ల బిడ్డ అయివుంటుంది, ఒంటి మీద ఏ బట్ట ఉంది, చీటీ ఏమన్నా ఉందా. ఆ రాతలో ఒక మాట లాటిన్‌లో వచ్చేది: ఎక్స్‌పోజితుస్, బయట పెట్టబడినవాడు. అది వృత్తాంతమే గానీ పేరు కాదు. రాసీ రాసీ పేరైంది. ఆ తర్వాత పల్లెల నుంచి వచ్చిన పాలిచ్చే తల్లులకి పిల్లల్ని అప్పగించేవాళ్లు. చాలామంది బతకలేదు. బతికిన ఆడపిల్లలకి సంస్థే కట్నమిచ్చి పెళ్లి చేసేది. బిడ్డని పోగొట్టుకున్న తల్లులు కొందరు మొక్కుకుని ఇక్కడికొచ్చి ఒక మదొన్నా బిడ్డని తీసుకెళ్లేవాళ్లు. ఈ మాట విన్నప్పుడు మా ముత్తవ్వే కళ్ల ముందు నిలిచింది, పోయిన ముగ్గురూ, చేటలో తవుడూ.

1808 నుంచి 1815 దాకా నేపుల్స్‌ని ఏలిన మురాత్, నెపోలియన్ చెల్లెలి భర్త, ఈ ఇంటిపేరు పెట్టడం ఆపించాడు. బిడ్డ పుట్టుకని జీవితాంతం నుదుటి మీద రాయడం తప్పని అప్పటికే జనానికి తోచింది. తర్వాత గుమాస్తాలు ఒక్కో బిడ్డకి ఒక్కో పేరు కల్పించేవాళ్లు. ఇప్పటి ఇటలీ చట్టంలోనూ, 2000లో వచ్చిన పౌర నమోదు నియమాల్లోనూ, తల్లిదండ్రులు తెలియని బిడ్డకి ఆ సంగతి బయటపెట్టే పేరు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. కొత్తగా పెట్టడం ఆగింది, అంతే. అప్పటికే ఆ పేరున్నవాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, వాళ్లకీ పుట్టారు. మా తాతతో ఆగిపోయిన తవిటయ్య అన్న పేరు సొంత పేరు. ఇది ఇంటిపేరు కాబట్టి నడుస్తూనే ఉంది. ఇక్కడి చక్రం కూడా 1875లోనే ఆగింది.

కల్పించిన పేర్లలో ఒకటి అక్కడ చూపించే ఆవిడ చెప్పింది. 1852 జూలైలో, పుట్టిన మర్నాడే ఒక బాబు ఈ చక్రంలోకి వచ్చాడు. జెనితో అని పెట్టాలనుకున్నారు, అంటే పుట్టినవాడు. రాసేటప్పుడు ఒక అక్షరం మారి జెమితో అయింది. ఆ మాటకి మూలుగు అని అర్థం. రెండు వారాలు తిరక్కుండానే, బిడ్డని పోగొట్టుకున్న ఒక జంట వాడిని తీసుకెళ్లింది. ఆ బాబే శిల్పి విన్‌చెంజో జెమితో.

ఆరో రోజు, రాజభవనం ముందు

తిరుగు ట్రైన్ సాయంత్రం. పొద్దున ప్లెబిషీతో మైదానానికి వెళ్లాం. దారిలో కియాయా వీధి పక్క సందులో ఒక పాత పిజ్జా కొట్టు ఉంది. 1889లో మార్గెరితా రాణికి టమాటా, చీజ్, తులసి జాతి ఆకు వేసి పిజ్జా చేసిచ్చాడని చెప్పుకునే రఫాయెలె ఎస్పోసితో కొట్టు అదే. రాణిగారి తరఫున వచ్చిందంటూ ఒక ఉత్తరం గోడకి కట్టి ఉంది. అది నిజంగా అప్పటిదేనా అని చరిత్రకారులకి అనుమానాలున్నాయి. కొట్టు ఇంకా తెరవలేదు, బయట కుర్చీలు వేస్తున్నారు.

రాజభవనం ముందు గోడలో ఎనిమిది గూళ్లు, ఎనిమిదిమంది రాజుల పాలరాతి విగ్రహాలు. నేపుల్స్‌ని వేర్వేరు కాలాల్లో ఏలినవాళ్లు. 1888లో వీటిని నిలబెట్టారు. మా అమ్మాయి ఫోన్లో పేర్లు చూస్తూ లెక్కపెట్టింది. అయిదో గూట్లో అయిదో చార్లెస్ చక్రవర్తి. కవచం వేసుకుని, ఒక చెయ్యి కిందికి చూపిస్తున్నాడు. వేళ్ల మీద నరాలు కూడా కనిపిస్తున్నాయి. చేసింది జెమితో. అతను చక్రంలోకి వచ్చి అప్పటికి 36 ఏళ్లు.

ఆరో గూట్లో బోర్బోన్ రాజు చార్లెస్. ఏడో గూట్లో, గుండెలు విరిచి నిలబడింది మురాత్. ఎస్పోసితో అని ఇక పెట్టొద్దన్నది ఆయనే. పెట్టుంటే, రెండు గూళ్ల అవతల చక్రవర్తిని చెక్కినవాడి పేరు కూడా ఎస్పోసితోయే అయ్యేది.

ఒక బడి పిల్లల గుంపు వచ్చింది. టీచరు హాజరు పిలుస్తోంది, ఇంటిపేర్లతో. ఎస్పోసితో అని పిలవగానే ఇద్దరు చేతులెత్తారు, ఒక అబ్బాయి, రెండు జడల అమ్మాయి. ఎవరినని టీచరు ఇంకోసారి అడిగి, ఈసారి సొంత పేరుతో పిలిచింది. అమ్మాయి చెయ్యి దింపేసి పక్కపిల్లతో మాటల్లో పడింది.